పురుగు కుట్టిందా? పసుపు పెట్టాలా, 108కి ఫోన్ చేయాలా? | పాలంపేట నుంచి పూర్తి వివరాలు

(వీడియోలో మాట్లాడిన మాటలే ఇక్కడ రాసి పెట్టాం. చూడటానికి డేటా లేనివాళ్లు, హెడ్‌ఫోన్స్ లేనివాళ్లు చదువుకోండి.)

ఈ రోజు నేను పాలంపేట నుంచి మాట్లాడుతున్నా. పాలంపేట అంటే వెంటనే తెలియకపోవచ్చు కానీ, రామప్ప గుడి అంటే తెలియనివాళ్లు ఉండరు కదా. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఒకప్పుడు ఇది వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు జిల్లా. వాన పడి వెలిసింది, గుడి చుట్టూ గడ్డి బాగా పెరిగింది, అవతల రామప్ప చెరువు, దాని కింద వరి పొలాలు. చూడటానికి మస్తు అందంగా ఉంది. కానీ గడ్డి, నీళ్లు, రాళ్ల సందులు ఉన్నచోట పురుగూ పుట్రా కూడా ఉంటాయి.

కామెంట్లలో మీరు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, సాలెపురుగు కుడితే ఇంట్లో ఏం పెట్టాలి? తేలు కుడితే చింతగింజ పనిచేస్తదా? కందిరీగ కుడితే సున్నం పెట్టొచ్చా?" ఈ రోజు ఒక్కొక్కటీ చూద్దాం. ఏది నిజంగా పనిచేస్తుంది, ఏది ఉత్త నమ్మకం, ఏది ప్రాణం మీదికి తెస్తుంది అని. చివర్లో ఒక "పురుగు" గురించి చెప్తా. దాని గురించి తెలియకే చాలామంది పోతున్నారు. అందుకని చివరిదాకా చదవండి.

ముందు మొదటి ఐదు నిమిషాలు

చీమ, దోమ, కందిరీగ, తేనెటీగ, జెర్రి... ఏది కుట్టినా మొదట చేయాల్సినవి దాదాపు ఒకటే.

ఒకటి: అక్కడి నుంచి పక్కకు జరగండి. కందిరీగలు, తేనెటీగలు ఒకటి కుడితే ఆ వాసనకు మిగతావి కూడా వస్తాయి. చేతులు ఊపుతూ నిలబడితే ఇంకా కుడతాయి.

రెండు: ఉంగరం, గాజులు, వాచీ, కాలి మెట్టెలు తీసేయండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు. వేలు వాచిన తర్వాత ఉంగరం రాదు, కోయాల్సి వస్తుంది.

మూడు: తేనెటీగ అయితే ముల్లు లోపలే ఉండిపోతుంది. ముల్లుకు చిన్న విషం సంచి కూడా అతుక్కుని ఉంటుంది. ఈగ ఎగిరిపోయినా ఆ సంచి కొద్దిసేపు విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకే గోరుతో గీకినా, వేళ్లతో లాగినా ఫర్వాలేదు కానీ వెంటనే తీసేయండి. ఏటీఎం కార్డు ఎక్కడుందా అని వెతుక్కుంటూ కూర్చోవద్దు. కందిరీగ మాత్రం ముల్లు వదలదు, కాబట్టి మళ్లీ మళ్లీ కుట్టగలదు.

నాలుగు: సబ్బు, నీళ్లతో కడగండి. మామూలు ఒంటి సబ్బు చాలు.

ఐదు: ఐస్. గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టండి, తీయండి, మళ్లీ పెట్టండి. ఐస్ ముక్కను నేరుగా చర్మం మీద పెట్టొద్దు. పొలం దగ్గర ఐస్ ఎక్కడిది అంటారా? కుండ నీళ్లలో తడిపిన గుడ్డ చాలు. చేతికో కాలికో కుడితే దాన్ని కాస్త ఎత్తులో పెట్టుకోండి, వాపు తగ్గుతుంది.

నిజం చెప్పాలంటే ఇంటి వైద్యంలో నంబర్ వన్ ఇదే: సబ్బు, చల్లదనం, గోకకుండా ఉండటం. వింటే చాలా సింపుల్‌గా ఉంటుంది. అందుకే వీటికి వ్యూస్ రావు!

వంటింట్లో ఏమున్నాయో చూద్దాం

పసుపు: పసుపులో కర్క్యుమిన్ అనే పదార్థం ఉంది. వాపును తగ్గించే గుణం ఉందని పరిశోధనలు ఉన్నాయి. చిన్న చీమ కాటుకో, దోమ కాటుకో పెడితే నష్టం లేదు. కానీ ఒక ఇబ్బంది ఉంది. పసుపు రంగు కింద చర్మం ఎర్రబడిందా, నల్లబడిందా కనిపించదు. ఆసుపత్రికి వెళ్లాల్సిన కేసు అయితే డాక్టర్‌కు చూడటం కష్టం. కుట్టిందేమిటో తెలియనప్పుడు పసుపు మెత్తకండి.

కలబంద: లోపలి గుజ్జు చల్లగా ఉంటుంది, దురద, మంట కాస్త తగ్గుతాయి. ఆకు కోయగానే పసుపుపచ్చ రసం కారుతుంది చూడండి, అది కొందరికి దురద పుట్టిస్తుంది. దాన్ని కారిపోనిచ్చి, కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రమే వాడండి.

తినే సోడా: నీళ్లలో కలిపి ముద్దలా చేసి పదినిమిషాలు పెడితే దోమ, చీమ కాట్ల దురద కొందరికి తగ్గుతుంది. అయితే "తేనెటీగ విషం యాసిడ్, దానికి సోడా, కందిరీగది క్షారం, దానికి వెనిగర్" అని చదివి ఉంటారు. అది అంత కరెక్ట్ కాదు. తేనెటీగ విషంలో పొడి బరువులో సగం దాకా మెలిటిన్ అనే పదార్థమే ఉంటుంది. మంటకు అసలు కారణం అది. పైగా విషం చర్మం లోపలికి వెళ్లిపోయింది. పైన పూసిన సోడా అక్కడిదాకా పోదు.

ఉల్లిపాయ, తులసి, వేపాకు: కోసి రుద్దితే కొద్దిగా చల్లగా అనిపిస్తుంది. నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. రుద్దేముందు ఆకులు కడగండి, చర్మం చిట్లి ఉంటే పెట్టకండి.

సున్నం: ఇక్కడ ఆగుదాం. కందిరీగ కుట్టగానే సున్నం పెట్టడం మన ఊళ్లలో మామూలే. సున్నం గట్టి క్షారం. అది చర్మాన్ని కాలుస్తుంది. కంటి దగ్గర కుడితే, చంటిపిల్లలకు కుడితే అసలు పెట్టొద్దు. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

కిరోసిన్, పొగాకు, పేడ: వద్దు, వద్దు, వద్దు. గాయం మీద పేడ పెడితే ధనుర్వాతం వచ్చే ప్రమాదం ఉంది. ఇనుప ముక్క రుద్దడం గురించి కూడా అడిగారు. చల్లటి ఇనుము కాబట్టి క్షణం హాయిగా ఉంటుంది, అంతే. తుప్పు పట్టిన కొడవలి తెచ్చి రుద్దకండి.

జెర్రి కుడితే మాత్రం లెక్క వేరు. కొందరికి చల్లదనం కంటే వేడే బాగా పనిచేస్తుంది. చేయి పెట్టి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లు, అంటే 45 డిగ్రీలు దాటకుండా, అందులో కుట్టిన చోటు కాసేపు ఉంచితే నొప్పి తగ్గుతుంది. పిల్లలకైతే ముందు మీ చేయి పెట్టి చూసి తర్వాతే పెట్టండి.

తేలు, చింతగింజ

ఇప్పుడు అసలు చర్చకు వద్దాం. ఇక్కడ పొలం గట్టు మీద ఒక పెద్దమ్మ నాతో ఇలా అన్నది: "గింజను బండ మీద అరగదీసి, తెల్లగ అయినంక తేలు కుట్టిన కాడ పెట్టు బిడ్డా, పట్టుకుంటది. ఇసమంత గుంజినంక అదే ఊడిపడ్తది." తెలుగు ఊళ్లలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. ఇంకొన్ని చోట్ల ఉత్తరేణి ఆకు నూరి కడతారు. కొందరు పర్మాంగనేట్ పొడి వేసి నిమ్మరసం పిండుతారు. అది చర్మాన్ని కాలుస్తుంది, చేయకండి.

మరి చింతగింజ పెడితే తగ్గినవాళ్లు ఉన్నారు కదా? ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ఎందుకు తగ్గిందో చూడండి. మన దగ్గర పొలాల్లో, రాళ్ల కింద కనిపించే పెద్ద నల్ల తేలు, అదే మండ్రగబ్బ, చూడటానికి భయంకరంగా ఉంటుంది. డెక్కలు లావుగా ఉంటాయి. కానీ దాని విషం అంత ప్రమాదకరం కాదు. మంట, నొప్పి వచ్చి కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఆ కొన్ని గంటలు గింజ అతికి ఉంది కాబట్టి పేరు గింజకు వచ్చింది. అరగదీసినప్పుడు గింజలోని జిగురు వల్ల అది చర్మానికి పట్టుకుంటుంది. విషం లాగడం వల్ల కాదు. ల్యాబ్‌లో చింతగింజ సారాన్ని పాము విషం మీద పరీక్షించిన వాళ్లు ఉన్నారు. ఎలుకల మీద కొంత ప్రభావం కనిపించింది కూడా. అయితే ల్యాబ్‌లో తీసిన సారం వేరు, బండ మీద అరగదీసి అతికించిన గింజ వేరు.

అసలు ప్రమాదం ఎర్ర తేలుతో. చిన్నగా ఉంటుంది, డెక్కలు సన్నగా, తోక లావుగా ఉంటుంది. గుర్తు పెట్టుకోండి: డెక్కలు లావు, తోక సన్నం అయితే కాస్త నయం. డెక్కలు సన్నం, తోక లావు అయితే ఆసుపత్రికి పరుగు. దీని విషం గుండె మీద పనిచేస్తుంది. ఒళ్లంతా చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం, వాంతులు, నోట్లో నీళ్లూరడం, గుండె దడ, తర్వాత ఆయాసం. చిన్నపిల్లల్లో ఇది చాలా వేగంగా ముదురుతుంది.

ఇక్కడ ఒక డాక్టర్ గురించి చెప్పాలి. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్. ఆ ప్రాంతంలో ఎర్ర తేలు కాటుతో పిల్లలు, పెద్దలు వరసగా చనిపోతుంటే, రోగుల పక్కనే కూర్చుని ఏం జరుగుతోందో రాసుకున్నాడు. 1980ల్లో ప్రాజోసిన్ అనే మాత్ర వాడటం మొదలుపెట్టాడు. అది బీపీ మాత్ర, ఖరీదు కూడా ఎక్కువ కాదు. విషం వల్ల రక్తనాళాలు బిగుసుకుని గుండె మీద భారం పడుతుంది. ఈ మాత్ర ఆ బిగువును వదిలిస్తుంది. అంతకుముందు తీవ్రమైన కేసుల్లో నూటికి 40 మంది దాకా పోయేవాళ్లు. ఈ మందు వచ్చాక అది ఒక శాతం దగ్గరికి వచ్చింది. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అంటే తేలు కాటుకు మందు ఉంది ఫ్రెండ్స్. కానీ ఆ మాత్ర డాక్టర్ చేతిలో, బీపీ చూస్తూ ఇవ్వాలి. మెడికల్ షాపులో కొని ఇంట్లో వేసుకునేది కాదు. చింతగింజ పట్టుకుందా లేదా అని ఇంట్లో కూర్చుంటే పోయేది ఆ సమయమే.

సాలెపురుగు మీద ఇన్ని నిందలా?

యూట్యూబ్‌లో మీరు చూసే "సాలీడు కుడితే కండ కుళ్లిపోతుంది" వీడియోలు చాలావరకు అమెరికా సాలీళ్లవి. మన ఇళ్లలో గోడ మీద తిరిగే సాలీళ్లలో చాలావాటి కోరలు మన చర్మంలోకి దిగనే దిగవు. దిగినా చీమ కుట్టినంత మంట. సబ్బు, ఐస్, అయిపోయింది.

తెలుగు నేల మీద పెద్ద సాలీళ్లు లేవా అంటే ఉన్నాయి. ప్రపంచంలో అందరూ అబ్బురంగా చూసే నీలి రంగు టారాంటులా మనదే. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప నిల్వ దగ్గర దొరికిన దాన్ని 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. అది కరిస్తే బాగా నొప్పి, కండరాలు పట్టేయడం ఉంటాయి. కానీ అది అంతరించిపోయే స్థితిలో ఉంది. మనం దాన్ని చూసి భయపడటం కాదు, అదే మనల్ని చూసి భయపడాలి.

భయం ఎంత పని చేస్తుందో 2012లో అస్సాంలోని సదియాలో చూశారు. సాలీళ్ల గుంపు కరిచిందని కలకలం రేగింది, ఇద్దరు చనిపోయారని వార్తలొచ్చాయి. ఇద్దరినీ ముందు నాటు వైద్యుల దగ్గరికే తీసుకెళ్లారు. అక్కడ గాయాన్ని బ్లేడుతో కోసి రక్తం తీశారు. సాలీడు విషమే చంపిందని ఎక్కడా తేలలేదు. కాబట్టి ఏది కుట్టినా కోయడం, నోటితో పీల్చడం వద్దు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. "సాలీడు పాకింది" అని మనం అనుకునే మూడు వేరే సమస్యలు ఉన్నాయి.

మొదటిది సర్పి. ఒంటికి ఒకే పక్కన, నడుము చుట్టో ఛాతీ మీదో, వరసగా నీటి పొక్కులు, మంట. ఇది సాలీడు కాదు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ నరంలో దాక్కుని మళ్లీ లేవడం. దీనికి మందు ఉంది. పొక్కులు వచ్చిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆకు పసర్లు పూస్తూ వారం గడిపితే ఆ అవకాశం పోతుంది. పెద్దవాళ్లకు నెలల తరబడి నరాల నొప్పి మిగిలిపోవచ్చు. కంటి దగ్గర వస్తే అదే రోజు వెళ్లాలి.

రెండోది, వానాకాలంలో ట్యూబ్‌లైట్ దగ్గరికి వచ్చే సన్నటి పురుగు. చీమలా పొడుగ్గా, నలుపు, నారింజ రంగు పట్టీలతో ఉంటుంది. హాస్టల్లో ఉండే వాళ్లకు బాగా తెలుసు, "యాసిడ్ పురుగు" అంటారు. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు చేత్తో నలిపితే దాని ఒంట్లోని రసం అంటుకుని, మరుసటి రోజుకు గీత గీసినట్టు కాలిన మచ్చ, పొక్కులు వస్తాయి. నలపకండి, ఊదేయండి. అంటుకుంటే వెంటనే సబ్బుతో కడగండి. ఆ చేత్తో కళ్లు ముట్టుకోవద్దు.

మూడోది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి కనిపించని నల్లి లాంటి పురుగు కుడుతుంది. నొప్పి ఉండదు. కొన్ని రోజులకు ఆ చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది. చంకల్లో, గజ్జల్లో, నడుము దగ్గర కాబట్టి మనకే కనిపించదు. తర్వాత జ్వరం, తలనొప్పి. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కేసులు నమోదవుతూనే ఉన్నాయి. తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందులతో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా వెళ్తుంది. కాబట్టి జ్వరం వచ్చినప్పుడు "డాక్టర్ గారూ, ఇక్కడ నల్ల మచ్చ ఉంది, పొలం వెళ్లాను" అని మీరే చెప్పండి.

తేనెటీగల గుంపు, ఊపిరాడకపోవడం

పాత గోపురాలు, నీళ్ల ట్యాంకులు, పెద్ద మర్రిచెట్ల మీద పెద్ద తేనెతుట్టెలు ఉంటాయి. సెల్ఫీ కోసం కింద పొగ పెట్టడం, రాయి విసరడం, డ్రోన్ ఎగరేయడం చేయకండి. లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తండి, ఇంట్లోకో కారులోకో వెళ్లి తలుపు వేసుకోండి. చెరువులో దూకితే లాభం లేదు, తల పైకి ఎత్తేదాకా పైన తిరుగుతూనే ఉంటాయి.

కొందరికి ఒక్క ఈగ కుట్టినా చాలు. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం. దీనికి పసుపు, తులసి, చివరికి అలర్జీ మాత్ర కూడా చాలదు. తొడకు ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. వెంటనే 108. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. నోట్లో, గొంతులో కుట్టినా, పదుల సంఖ్యలో కుట్టినా ఇదే దారి.

"పురుగు ముట్టింది"

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ "పురుగు" సంగతి. రామప్ప గుడికి వస్తే నల్లరాతి మదనికల్లో నాగినిని చూడండి, ఒంటి మీద పాములతో నిలబడి ఉంటుంది. రాతిలో అంత ధైర్యంగా చెక్కారు కానీ, మన ఇళ్లలో రాత్రిపూట పాము పేరు కూడా ఎత్తం. "పురుగు" అంటాం. "పురుగు ముట్టింది" అంటే పాము కరిచింది అని. పెద్దవాళ్లకు ఆ అర్థం తెలుసు. సిటీలో పెరిగిన మనం మాత్రం "ఓ, పురుగేనా" అని పసుపు రాసి పడుకోబెడతాం.

ముఖ్యంగా కట్లపాము. రాత్రి తిరుగుతుంది. కింద చాప మీద పడుకున్నవాళ్లను నిద్రలో కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు, గాటు కూడా సరిగా కనిపించదు. "ఏదో చీమ కుట్టినట్టుంది" అని మళ్లీ పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు. తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి. ఇంట్లో వాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు.

కాబట్టి కింద పడుకున్న మనిషికి రాత్రి "ఏదో కుట్టింది", తెల్లారేసరికి కడుపునొప్పి లేదా కళ్లు మూతలు పడటం ఉంటే, గాటు కనిపించకపోయినా అది పాము కాటే అనుకుని కదలండి. గట్టిగా తాడు కట్టొద్దు, కోయొద్దు, మంత్రగాడి దగ్గర ఆగొద్దు, పామును వెతికి చంపే పని పెట్టుకోవద్దు. మనిషిని నడిపించకుండా, కరిచిన కాలో చేయో కదలకుండా చెక్క కట్టి 108కి ఫోన్ చేయండి. ఇక్కడివాళ్లకు ములుగు ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర. వరంగల్ ఎంజీఎం సుమారు 70 కిలోమీటర్లు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒక్కటే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. పాము ఏదో తెలియకపోయినా లక్షణాలు చూసి వైద్యం చేస్తారు.

మీ ఫోన్‌తో చేయగలిగేవి

కుట్టిన చోట వాపు ఎక్కడిదాకా ఉందో పెన్నుతో గీత గీసి, పక్కన టైమ్ రాసి ఫొటో తీయండి. గంట తర్వాత గీత దాటి పెరిగితే వెంటనే తెలుస్తుంది. డాక్టర్‌కు ఆ ఫొటోలు చాలా ఉపయోగం. కుట్టిన పురుగు చచ్చి పడి ఉంటే దాన్ని కూడా దూరం నుంచి ఒక ఫొటో తీయండి, చేత్తో ముట్టుకోవద్దు. రాత్రి బయటికి వెళ్తే ఫోన్ టార్చ్ ముందు నేల మీద వేయండి, తర్వాత అడుగు వేయండి. చెప్పులు, బూట్లు దులిపి వేసుకోండి. గడ్డివాములో, కట్టెల కుప్పలో చేయి పెట్టేముందు కర్రతో కదపండి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచి పడుకుంటే దోమ, తేలు, కట్లపాము మూడింటికీ ఒకే వైద్యం.

మొత్తం ఒక్క మాటలో: నొప్పి, దురద, కొద్దిపాటి వాపు కుట్టిన చోటే ఉంటే ఇంటి వైద్యం సరిపోతుంది. చెమటలు, వాంతులు, ఆయాసం, కళ్లు మూతలు పడటం, ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం... అంటే కుట్టిన చోటు దాటి ఒంట్లో ఇంకెక్కడ తేడా కనిపించినా అది ఇంటి వైద్యం కేసు కాదు. చిన్నపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ల విషయంలో అంతదాకా కూడా ఆగొద్దు.

ఈ ఎపిసోడ్ నచ్చితే లైక్ చేయండి. అంతకంటే ముఖ్యంగా మీ ఫ్యామిలీ గ్రూప్‌లో షేర్ చేయండి, ఊళ్లో కింద చాప మీద పడుకునే అమ్మమ్మకో తాతయ్యకో ఈ రోజే ఫోన్ చేసి కట్లపాము ముక్క ఒక్కటి చదివి వినిపించండి. మీ ఊళ్లో పురుగు కుడితే ఏం పెడతారో కామెంట్‌లో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో దాని సంగతి చూద్దాం. ఉంటా మరి, జాగ్రత్త!